ఇంజను ఆపినా ఆగని కూత

కరంగి, న్యేరి కొండలు
14 జనవరి 1984

నాన్నా థుంబీ,

మా నాన్న పేరు నీకు పెట్టి మా అన్నయ్య నాకు పెద్ద ఇబ్బందే తెచ్చిపెట్టాడు. నిన్ను తిడదామని కలం పట్టుకుంటే ఆయన్ని తిడుతున్నట్టుంటుంది. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. మొంబాసా వెళ్లినవాళ్లకి సముద్రపు గాలికి చేతులు పడిపోతాయా?

ఇక్కడ అందరం ఉన్నాం. మీ పిన్ని న్యాగుథీ టీ ఆకు కోతలో ఉంది. నాకు దగ్గు పట్టుకుంది, వదలడం లేదు. దాని సంగతి అలా ఉంచు. బండి సంగతి చెప్పాలి.

మన పెజో టాక్సీని పొద్దున్నే స్టార్టు చేస్తే వాల్వుల మీది టాపెట్లు టిక్కుటిక్కుమంటున్నాయి. అది పాత జబ్బు, దానికి భయం లేదు. నది దాటి ఎత్తు ఎక్కేటప్పుడు, సీట్లన్నీ నిండి మూడో గేరులో ఉండగా, కిందనుంచి ఎవరో గుప్పిటతో తలుపు కొట్టినట్టు ఒక దెబ్బ వినపడుతోంది. గేరు మారిస్తే పోతుంది. కిబుచికి వినపడలేదట. వెనక తలుపు పట్టుకు వేలాడుతూ టిక్కెట్లు వసూలు చేసేవాడికి ఇంజను మాటలు ఏం వినపడతాయి? నాకు వినపడింది.

టీ అంగడి దగ్గర, మన దారిలోనే బండి తిప్పే ముగెరా అన్నాడు, "ఏం గథోగో, నీతోపాటు నీ ముసలిదానికీ దగ్గేనా?" అని. వాడి డాట్సన్ వచ్చి రెండేళ్లు కాలేదు, బోనెట్ కింద ఎవరో పళ్లు కొరుకుతున్నట్టుంటుంది. ఆ మాటే అన్నాను. "ఈస్టరుకి చూద్దాంలే" అన్నాడు. ఈస్టరు కార్ల పందెం ర్యాలీ ఈసారి కూడా మన గట్టు కిందనుంచే వెళ్తుందట. కారు మలుపు తిరక్కముందే చప్పుడు విని ఏ కారో నేను చెప్పడం, జనం పందేలు కాసుకోవడం నీకు తెలిసిందే. పోయిన ఏడు ఒక్కటీ తప్పలేదు.

ఆ దెబ్బ ఏమిటో ఆలోచించి రాయి. ఈ బండి పోతే మళ్లీ ఇంకోటి నావల్ల కాదు. అది లేకపోతే ఈ ఊళ్లో నేను దగ్గే ముసలాణ్ణి, అంతే.

నీ బాబాయి
గథోగో

*

మొంబాసా
27 జనవరి

బాబాయ్,

తిట్టు, పడతాను. తాతగారి పేరు నా తప్పు కాదు.

నువ్వు రాసిన దెబ్బ మా గ్యారేజీలో రోజూ వినేదే. కనెక్టింగ్ రాడ్డు కింద ఉండే బేరింగు అరిగితే అలా వస్తుంది. ఏ సిలిండరులోనో చూసుకోవాలి. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి పెట్టు. ఏది తీసినప్పుడు దెబ్బ తగ్గితే జబ్బు అక్కడుంది. వైరుకి గుడ్డ చుట్టి పట్టుకో. పోయినసారి షాకు కొట్టినప్పుడు నువ్వు పెట్టిన కేక పిన్ని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

మా దొడ్డిలో నీ బండిలాంటిదే ఒక పెజో 504 పడి ఉంది. వెనకనుంచి లారీ గుద్దింది. వెనకంతా అప్పడం అయిపోయింది గానీ ఇంజను నిక్షేపంలా ఉంది. ఈస్టరు దాకా ఎవరికీ ఇవ్వొద్దని మేస్త్రీని బతిమాలి ఒప్పించాను. అవసరమని నువ్వు ఒక్కమాట రాస్తే రైల్లో వేయిస్తాను. అప్పటిదాకా ఎత్తులో మూడో గేరు పట్టుకుని మొండికెయ్యకు. రెండులోకి దించు.

దగ్గు సంగతి అలా ఉంచమన్నావు. ఎందుకుంచాలి? బండిలో చప్పుడైతే నాకు రాశావు. నీ ఛాతీలో చప్పుడుకి కూడా ఎవరో ఒకరిని అడగాలి గదా. ఆసుపత్రికి వెళ్లు.

థుంబి

*

కరంగి
26 ఫిబ్రవరి

నాన్నా,

ఆసుపత్రికి వెళ్లాను, సరేనా? టీబీ అన్నారు. రోజూ సూది, దాంతోపాటు గుర్రానికి వేసేంత మాత్రలు. మొదట్లో జనం మధ్యకి వెళ్లొద్దన్నారు. అన్నాళ్లూ కిబుచి నడిపాడు. వాడు కాల్చిన క్లచ్ వాసన ఇంకా సీట్లకి పట్టి ఉంది. ఇప్పుడు నేనే నడుపుతున్నాను. మిషను ఆసుపత్రి దారిలోనే గనక, పొద్దుటి ట్రిప్పులో జనాన్ని బండిలో కూర్చోబెట్టి నేను లోపలికెళ్లి సూది పొడిపించుకుని వస్తున్నాను. "డ్రైవరు తనకి పెట్రోలు పోయించుకొస్తున్నాడు, ఓపిక పట్టండి" అంటుంది వెనక సీటు ముసలమ్మ.

దెబ్బ మూడో సిలిండరులో ఉంది. వైరు తీయగానే సగానికి సగం తగ్గింది. ముందు చిక్కటి లారీ ఆయిలు పోసి చూద్దామని పోశాను. నువ్వు ఒప్పుకోవని తెలుసు. కానీ విను, పని చేసింది. దెబ్బ మెత్తబడింది. టాపెట్లయితే నేను ముట్టుకోకుండానే నోరు మూసుకున్నాయి.

ఒకటి పోతే ఒకటి. ఇప్పుడు కొత్తగా సన్నని కూత మొదలైంది. కెటిల్ మరిగే ముందు కూసినట్టు. బండి వేగంగా వెళ్లినా మెల్లగా వెళ్లినా ఒక్కలాగే ఉంది. ఫ్యాన్ బెల్టు అనుకుని మార్చాను. పోలేదు. ఇలాంటి కూత నా జన్మలో వినలేదు.

దారి కూడా పాడైంది. మలుపుల్లో బండి పక్కకి ఊగినట్టుంటోంది. షాక్ అబ్జార్బర్లు పోయి ఉంటాయి.

బాబాయి

*

మొంబాసా
6 మార్చి

బాబాయ్,

లారీ ఆయిలు గురించి తిడుతూ ఒక పేజీ రాశాను. చదువుకుని చించేశాను. నీ చెవి మెత్తబడిందని చెప్తే మెత్తబడిందనే అర్థం. మా దగ్గర ఆయిలు ప్రెషరు చూసే మీటర్లున్నాయి, వాటినైనా అనుమానిస్తాను గానీ నిన్ను కాదు.

కూత సంగతి మేస్త్రీతో మాట్లాడాను. డైనమో బేరింగు కావచ్చు, వెనక చక్రాల్ని తిప్పే డిఫరెన్షియల్ కావచ్చు. తేల్చుకోవడం తేలిక. ఊరి నుంచి నదికి దిగేటప్పుడు ఎలాగూ పెట్రోలు మిగుల్చుకోవడానికి ఇంజను ఆపేసి దొర్లిస్తావు గదా. అప్పుడు విను. ఇంజను ఆపినప్పుడు కూత ఆగితే డైనమో. ఆగకపోతే డిఫరెన్షియల్.

సూది మానకు. పిన్నికి నా నమస్కారం.

థుంబి

*

కరంగి
31 మార్చి

నాన్నా థుంబీ,

డిఫరెన్షియలే. నదికి దిగుతూ ఇంజను ఆపి, అద్దం దించి, నోరు మూసుకుని కూర్చోమని జనానికి చెప్పాను. కూత ఆగలేదు. ఇంకా స్పష్టంగా వినపడింది. కిబుచిని అడిగితే "ఏం కూత? గాలి తప్ప ఏం లేదు" అన్నాడు. వాడి సంగతి ముందే చెప్పాను. డిఫరెన్షియల్ ఆయిలు మార్చాను. తగ్గలేదు. లోపల బేరింగు పోయి ఉంటుంది, దొరికితే పంపు.

ఇక మంచి కబురు. దెబ్బ పూర్తిగా పోయింది. మెత్తబడటం కాదు, లేదు. పది రోజులుగా చూస్తున్నాను. ఎత్తు మీద, మూడో గేరులో, సీట్ల కింద క్యాబేజీ బస్తాలతో సహా. నిశ్శబ్దం. ఈ బండి ఇంత మెత్తగా నడవడం నేను కొన్న రోజున కూడా లేదు. ఆ దొడ్డిలో ఇంజను మనకొద్దు. మీ మేస్త్రీని ఇబ్బంది పెట్టకు.

ఆసుపత్రిలో నర్సమ్మ రోజూ ఒకటే పాట. "చెవుల్లో మోత ఉందా? కళ్లు తిరుగుతున్నాయా?" అని. ఇవాళ అన్నాను, "మోత నా చెవుల్లో లేదమ్మా, నా బండి డిఫరెన్షియల్లో ఉంది. దానికీ ఓ సూది వెయ్యి" అని. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, కార్డు మీద "లేదు" అని రాసుకుంది. దగ్గు తగ్గింది. ఒళ్లు కూడా కొంచెం పట్టింది.

మీ పిన్నికే ఏదో అయింది. మాట నోట్లోనే గొణుక్కుంటోంది. గట్టిగా చెప్పవే అంటే అరుస్తుంది, తర్వాత ఏడుస్తుంది. చర్చిలో పాడేవాళ్లకి కూడా ఈ మధ్య శ్రద్ధ లేదు.

ఈస్టరుకి గట్టు మీద నీ చోటు ఖాళీగా ఉంటుంది. సెలవు దొరకదా?

నీ బాబాయి

*

మొంబాసా
9 ఏప్రిల్

బాబాయ్,

నీ ఉత్తరం గ్యారేజీలో అందరికీ చదివి వినిపించాను. చిక్కటి ఆయిలుతో రాడ్డు బేరింగు దెబ్బ పోవడం మేస్త్రీ ఎక్కడా వినలేదట. "మీ బాబాయి చెప్తే నమ్మొచ్చా?" అన్నాడు. "మలుపు అవతల కారు ఏదో చెప్తాడు, ఆయన మాట కాదనడానికి మనమెవరం?" అన్నాను.

ఇంజను వదిలేశాను. మలిందీ నుంచి ఒకతను వచ్చి పట్టుకెళ్లాడు.

బేరింగులు బస్సులో వేశాను. న్యేరి స్టాండులో తీసుకో. ఒక్కటి మాత్రం మేస్త్రీకి అంతుపట్టడం లేదు. డిఫరెన్షియల్ కూత వేగం మారితే మారాలి గదా అంటాడు. బండి నిలబెట్టి, తాళం తీసేశాక కూడా ఉంటోందా? అది చూసి రాయి.

సెలవు దొరకదు. ముగెరాని ఓడించు.

థుంబి

*

కరంగి
26 ఏప్రిల్

థుంబీ,

ర్యాలీ అయింది. ఆ రోజు గాలి అటువైపు కొట్టింది. కింద నుంచి చప్పుడు గట్టు మీదికి రాలేదు. ఎప్పటిలాగే అందరూ నా చుట్టూ చేరారు. చేతులు చెవుల వెనక పెట్టుకుని నిలబడ్డాను. జనం మొహాలు మలుపు వైపు తిరిగాయి. అంటే ఏదో వస్తోందని నాకు అర్థమైంది. పెజో అన్నాను. దుమ్ములోంచి డాట్సన్ వచ్చింది. తర్వాతది డాట్సన్ అన్నాను. అసలు ర్యాలీ కారే కాదు. పాల లారీ. మూడోసారి ఎవరూ అడగలేదు. ముగెరా ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. ఏమన్నాడని మీ పిన్నిని అడిగాను. ఏం లేదంది.

అంతా గాలి వల్లే.

బేరింగులు వేశాను. కూత అలాగే ఉంది. నువ్వు అడిగినట్టు చూశాను. బండి నిలబెట్టి తాళం తీసి జేబులో వేసుకున్నా ఉంది. ఇంట్లో గంజి తాగుతున్నా ఉంది. పడుకున్నా ఉంది. ఇంతకాలం దాంట్లో కూర్చుంటే అది తలలో నాటుకుపోదా? మీ మేస్త్రీకి చెప్పు.

కిబుచిని పంపేశాను. ఎత్తు మీద వెనకనుంచి బండిని దబదబా బాదాడు. నేను ఆపలేదని ముందుకొచ్చి భుజం పట్టుకు గుంజాడు. దిగి ఏమిట్రా అంటే, నా మొహంలో మొహం పెట్టి అరిచాడు. "రేకు డబ్బాలో రాళ్లేసి ఊపినట్టుంది ముసలాయనా! ఈ ఇంజను మనందర్నీ చంపుతుంది!" అన్నాడు. జనం ముందు. దెబ్బ పోయి నెల దాటింది, వాడికి ఇప్పుడు వినపడుతోందట! నన్ను సీట్లోంచి దించి తను కూర్చోవాలని వాడి ఆశ. "వినపడేవాడివైతే ఇంకో బండి చూసుకో" అన్నాను.

గథోగో

*

మొంబాసా
5 మే

బాబాయ్,

ఇది నిలబడి రాస్తున్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

బండి ఆపు. ఇవాళే ఆపు. కిబుచి చెప్పింది నిజం. దెబ్బ పోలేదు బాబాయ్, నీకు వినపడటం మానేసింది. ముందు టాపెట్లు వినపడలేదు, తర్వాత దెబ్బ, తర్వాత పిన్ని మాట. ఆ కూత డిఫరెన్షియల్‌ది కాదు. తాళం జేబులో ఉంటే డిఫరెన్షియల్ ఎలా కూస్తుంది? అది నీ చెవుల్లో ఉంది. మా కాపలావాడి తమ్ముడికి కూడా ఇలాగే టీబీ సూదులతో మొదలైంది. ముందు కూత, నడిస్తే తూలడం. నర్సు రోజూ అడిగింది దాని గురించే. ఉందని చెబితే ఆ సూది మానిపించి వేరే మందు ఇచ్చేవాళ్లు.

నేను మార్చిలోనే కనుక్కోవలసింది. కూత వేగంతో మారడం లేదని నువ్వు ఫిబ్రవరిలోనే రాశావు. నేను బేరింగులు పంపాను.

ఈ ఉత్తరం పట్టుకుని రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లు. అక్కడ చూపించు. నోటితో చెప్పకు, చూపించు. కిబుచిని పిలిచి బండి వాడికివ్వు. వాణ్ణి కూడా ఎత్తు ఎక్కించొద్దను. ఇంకో ఇంజను కోసం తిరుగుతున్నాను.

థుంబి

*

కరంగి
18 మే

థుంబికి,

కిబుచి నీకు రాశాడా, మీ పిన్ని రాసిందా? ఎవరో ఒకరు రాశారు. వాడి పేరు నీ ఉత్తరంలో రెండుసార్లు ఊరికే రాదు.

ఇంజను మలిందీవాడికిచ్చింది నువ్వు. అది తప్పయిందని తెలిసి, బాబాయికి చెవుడని చెప్పి చేతులు కడుక్కుంటున్నావు. నీ మీటర్లకన్నా నా చెవి మేలని రాసింది కూడా నువ్వే. ఏ ఉత్తరం నమ్మమంటావు?

సూదులు అయిపోయాయి. పోయిన వారం ఆఖరిది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని ఫోటో చూపించాడు డాక్టరు. నీ ఉత్తరం వచ్చేసరికే అదీ అయింది. ఇప్పుడు వెళ్లి ఏం చెప్పను?

దెబ్బ నా చెవితో నేను వినేదాకా బండి ఆపను.

గథోగో

*

మొంబాసా
27 మే

బాబాయ్,

ఎవరూ రాయలేదు. పిన్ని మీద ఒట్టు.

ఒక్క పని చెయ్యి. గోడ గడియారం దగ్గర చెవి పెట్టు. అంతే. తర్వాత నీ ఇష్టం.

జూలైలో సెలవు ఇస్తామన్నారు. అప్పటిదాకా ఎత్తు ఎక్కకు. కాళ్లు పట్టుకుంటాను.

థుంబి

*

కరంగి
1 జూలై

నాన్నా,

బండి పోయింది.

మంగళవారం, నది దాటాక, ఎత్తు సగంలో. సంతకి వెళ్లే జనం. వెనకనుంచి ఎవరో నా భుజం మీద కొట్టారు. చోటు కోసం తోసుకుంటున్నారనుకున్నాను. మళ్లీ కొట్టారు. అద్దంలో చూస్తే అందరి నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి. ముసలమ్మ ఏడుస్తోంది. ఏదో పోట్లాట అనుకున్నాను నాన్నా. దేవుడి సాక్షిగా అలాగే అనుకున్నాను. యాక్సిలరేటరు ఇంకొంచెం తొక్కాను, పైకెక్కాక ఆపి సర్దిచెబుదామని.

అప్పుడు కాలి కింద తన్నింది. ఒకే తన్ను. ఇంజను ఆగింది. వెనక దారంతా నల్లగా ఆయిలు. రాడ్డు విరిగి ఇంజను పక్కనుంచి బయటకొచ్చింది. బ్రేకు పట్టలేదు. వెనక్కి జారి టీ తోటలోకి పోయి పొదలకి ఆనుకుంది. ముసలమ్మ చెయ్యి విరిగింది. ఇంకెవరికీ ఏం కాలేదు.

ఎత్తు ఎక్కిన దగ్గర్నుంచీ అరుస్తూనే ఉన్నారట. మీ పిన్ని పలక మీద రాసి చెప్పింది.

గడియారం దగ్గర చెవి పెట్టమన్నావు. నీ ఉత్తరం వచ్చిన రోజే పెట్టాను. ఆగిపోయిందనుకుని కీ ఇచ్చాను. అప్పటికే నిండా ఉంది. కీ తిరగలేదు. ఆ మర్నాడు పొద్దున్న మళ్లీ ట్రిప్పుకి వెళ్లాను. ఎందుకు వెళ్లావంటే చెప్పలేను. నీకు రాయనూలేదు.

బాబాయి

*

మొంబాసా
29 జూలై

బాబాయ్,

క్షేమంగా చేరాను. పిన్ని కట్టిచ్చిన చిలగడదుంపలు బస్సులోనే అయిపోయాయి.

నేనున్న నాలుగు రోజులూ నువ్వు తల ఊపుతూనే ఉన్నావు. నాకు సంతోషం కలగాలని ఊపావని తెలుసు. బండి అమ్మొద్దు. నేను ఇంజను సంపాదిస్తాను. ఇక్కడ పెద్ద ఆసుపత్రిలో చెవి డాక్టరున్నాడట, కనుక్కుంటాను. నేను వెళ్లేముందు ముగెరా డాట్సన్ మీద నీ చేత చెయ్యి పెట్టించాను, గుర్తుందా? చప్పుడు వినకపోయినా అదురు తెలుస్తుంది. నేర్చుకోవచ్చు. చేత్తోనే టాపెట్లు సరిచేసేవాళ్లున్నారని మేస్త్రీ అంటున్నాడు.

ముసలమ్మ చెయ్యి అతుక్కుందా?

థుంబి

*

కరంగి
30 సెప్టెంబరు

నాన్నా థుంబీ,

ముసలమ్మ చెయ్యి అతుక్కుంది, వంకరగా. నన్ను చూస్తే మొహం తిప్పుకోదు. అదే కష్టంగా ఉంటుంది.

చెవి డాక్టరు కోసం తిరగొద్దు. ఇక్కడి మిషను డాక్టరే చూశాడు. గుబిలి అయితే తీయొచ్చు, పొర అయితే కుట్టొచ్చు, ఇది నరం, చచ్చిపోయింది, తిరిగి రాదు అని కాగితం మీద రాశాడు. ఆ నర్సమ్మ పక్కనే నిలబడి ఉంది. ఆవిడ తప్పేం లేదు. అడిగింది, నేను లేదన్నాను. మంచిగా రాసుకుంది. నీ తప్పూ లేదు. మనిద్దరం బండి గురించి మాట్లాడుకున్నాం, అంతే. కూత మాత్రం ఇంకా ఉంది. అది ఒక్కటే ఉంది.

నువ్వు వెళ్లాక చాలాసార్లు చేత్తో చూశాను. ముగెరా డాట్సన్, పాల లారీ, పిండిమర ఇంజను. అదురుతాయి. అన్నీ ఒక్కలాగే అదురుతాయి. మీ మేస్త్రీ చెప్పినవాళ్లు ఎవరో గానీ, వాళ్లు ముందు చెవితో నేర్చుకుని ఉండరు.

బండి ముగెరాకి ఇచ్చేశాను. కోపం తెచ్చుకోకు. తోటలో ఉంటే తుప్పు పడుతోంది. వాడు ఎక్కడినుంచో ఇంజను తెచ్చి వేయించాడు. నడిపేది కిబుచి. పొద్దున్నే మా గుమ్మం ముందునుంచి వెళ్తుంది. దుమ్ము నా కాళ్ల మీద పడేదాకా వచ్చిందని నాకు తెలియదు.

మొన్న కిబుచి బండి ఆపి దిగి వచ్చాడు, వెనకే ముగెరా. ఎలా నడుస్తోందని అడిగాను. ఎంత గట్టిగా అడిగానో తెలియదు, బండిలో వాళ్లంతా ఇటు చూశారు. కిబుచి పలక తీసుకుని "బాగా" అని రాశాడు. టాపెట్లు ఎవరు సరిచేశారన్నాను. ముగెరా తన గుండె మీద చెయ్యి పెట్టుకుని తనేనని చూపించాడు. వాడు టాపెట్లు బిగించేస్తాడు. చప్పుడు లేకపోతే మంచిదనుకుంటాడు, ఎప్పుడూ అంతే. అలా బిగిస్తే వాల్వులు కాలిపోతాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది.

బోనెట్ ఎత్తి నా వైపు చూశారు ఇద్దరూ. ఇంజను నడుస్తోంది. బెల్టు తిరగడం కనపడింది.

బాగుందన్నాను.

గథోగో